మొగ్గల వేళ మూడు గంటల ఆట

చిన్నింటి జములమ్మను ఎస్తేరు మొదటిసారి చూసినది గద్వాలలోని ఒక డిగ్రీ కళాశాల మైదానం గేటు దగ్గర. ఎస్తేరు ఆ కళాశాలలో వ్యాయామ అధ్యాపకురాలు. పిల్లలకు పీడీ మేడం. ఆ సాయంకాలం ఆమె ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు చేత పెనాల్టీలు కొట్టిస్తున్నది. గోల్‌లో నిలబెట్టిన మానస బంతి వస్తున్నదనగానే కళ్లు మూసుకొని తల పక్కకు తిప్పుకొనేది. అట్లా ఆమెను దాటిపోయిన బంతి ఒకటి గేటు వైపు దూసుకుపోయింది. అక్కడ తన ఊరు ధరూర్‌కు పోయే ఆటో కోసం నిలబడి ఉన్న పొడవాటి పిల్ల, ఆ కళాశాలలోనే కొత్తగా చేరినది, ఒక చేతిలోని టిఫిన్ సంచిని కింద పెట్టకుండానే, రెండవ చేతితో ఆ బంతిని పట్టి చంకలో పెట్టుకొన్నది. పట్టిన బంతిని తిరిగి విసరలేదు.

“ఎవరిదిది?” అని అడిగింది.

“కాలేజీది. ఇటు వెయ్యి” అన్నది ఎస్తేరు.

“గింత జోరుగ కొడితే ఎవరికన్న తగుల్తది గద మేడం! జర సూసి కొట్టుమనుండ్రి.”

ఎస్తేరుకు కోపం రావలసింది, రాలేదు. తొమ్మిదేళ్లుగా గెస్టు అధ్యాపకురాలిగా పని చేస్తూ, ఏటా జట్టును కూర్చుతూ, ఏటా మొదటి ఆటలోనే ఓడి ఇంటికి వస్తున్న మనిషి ఆమె. బంతిని చూసి బెదరని పిల్ల ఒక్కతె దొరికితే చాలునని ఎన్ని మార్లు అనుకొన్నదో.

“పేరేంది?”

“చిన్నింటి జములమ్మ.”

“బంతి పట్టుడు ఎక్కడ నేర్చినవ్?”

“బంతి ఎప్పుడు పట్టలే మేడం. మా నాయిన పల్లికట్టలు ఇసిరితె ట్రాక్టర్ మీద నిలబడి పట్టేది నేనే.”

“రేపటి నుంచి ఆటకు రా.”

“ఆట ఎన్నింటికి ఒడుస్తది? ఆటో పోతే మా ఊరికి నడకే.”

అట్లా జములమ్మ గోల్‌కీపర్ అయింది.

ఎస్తేరుకు ఒక నియమం ఉండేది. మైదానంలోకి దిగే ముందు పిల్లలందరూ వరుసగా నిలబడి చేతులు చాపాలి. గోరు పెరిగి ఉంటే అక్కడికక్కడే కత్తిరించాలి. తాను కబడ్డీ ఆడిన రోజుల నుంచి ఆమెకు అబ్బిన అలవాటు అది. మొదటి వారమే జములమ్మ తొమ్మిది వేళ్లు చాపి, కుడిచేతి బొటనవేలును పిడికిట్లో దాచుకొన్నది.

“అదెందుకు దాస్తున్నవ్?”

“అది నాది గాదు మేడం. చేనుది.”

పిల్లలు పకపక నవ్వారు. తనను ఆట పట్టిస్తున్నదని అనుకొన్నది ఎస్తేరు. పిడికిలి విప్పించి, పొడవుగా, గట్టిగా పెరిగిన ఆ గోరును తానే కత్తిరించింది. జములమ్మ చేయి వెనక్కు లాక్కోలేదు. గోరు ముక్క పడిన చోటును మాత్రం చూస్తూ నిలబడింది.

మూడవ నాడు తల్లి ఈరమ్మ కళాశాలకు వచ్చింది. చెప్పులు వరండా కింద విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, నిలబడే మాట్లాడింది.

“మేడం, నువ్వు సదువుకున్నదానివి. నిన్ను అనేటంతదాన్ని గాను. గని పనిముట్టు కోసి పారేస్తివి గదమ్మా! కొడవలి గుంజుకొని కోతకు పొమ్మన్నట్టున్నది.”

అప్పుడు గాని ఎస్తేరుకు సంగతి తెలియలేదు. జములమ్మ తండ్రి కురుమూర్తి ఒక ఎకరం కౌలుకు తీసుకొని సీడ్ పత్తి, అంటే కంపెనీకి విత్తనాల కోసం పండించే పత్తి, వేశాడు. ఆ పత్తిలో ప్రతి పువ్వునూ మనిషి చేయి తాకాలి. మధ్యాహ్నం దాటాక, మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి పట్టుకొని, బొటనవేలి గోరును మొగ్గ మొదలులో దించి, రేకులనూ పుప్పొడి కాడలనూ ఒక్క మెలికలో ఊడదీయాలి. గింజ కట్టే నడిమి కాడకు దెబ్బ తగలరాదు. దానికి గుర్తుగా ఎర్రని పలుచని కాగితం తొడగాలి. మరునాటి ఉదయం మగ చెట్ల పూలు తెచ్చి ఆ కాడకు పుప్పొడి రాయాలి. మరచిపోయిన మొగ్గ తనంత తాను విచ్చుకొంటే దాని గింజలు మంచి గింజలలో కలిసి, కంపెనీ పరీక్షలో ఆ చేని విత్తనాల లాట్ మొత్తం ఫెయిల్ అవుతుంది. క్రాసింగ్ అనే ఈ పని రెండు నెలల పాటు ఉంటుంది. పూలకు ఆదివారం లేదు. ఆ ఏటి పని అప్పుడే మొదలైంది; గోరు పోయినందువల్ల జములమ్మ బ్లేడుతో గిల్లబోయి, ఆ రెండు నాళ్లలోనే చాలా మొగ్గలను నడిమికి కోసింది.

ఎస్తేరు తన నియమాన్ని ఎత్తివేయలేదు; ఆ ఒక్క వేలికి మినహాయింపు ఇచ్చింది. గోల్‌కీపర్ గ్లవ్‌లో బొటనవేలి కొసన దూది కూర్చి తానే కుట్టింది. తప్పయిందన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. జములమ్మ కూడా ఆ మాట కోసం చూడలేదు.

మరుసటి ఏడు కళాశాలల మధ్య పోటీలలో ఆ కళాశాల ఆడపిల్లల జట్టు వరుసగా రెండు ఆటలు గెలిచింది. ఆ రెండింటిలోనూ జములమ్మ ఒక్క గోలైనా పడనివ్వలేదు. సెమీఫైనల్ వనపర్తిలో, గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు. పదేళ్లలో ఎన్నడూ చేరని మెట్టు. ఆ వార్త విన్న రాత్రి ఎస్తేరు సంతోషంతో నిద్రపోలేదు. సోమవారం సాయంకాలం మైదానానికి వచ్చి చూస్తే, పద్నాలుగు మందిలో ఐదుగురున్నారు.

“మిగిలినోళ్లేరి?”

“చేన్లల్ల ఉన్నరు మేడం. క్రాసింగ్ మొదలాయె” అన్నది మానస.

“నువ్వెందుకు పోలేదు?”

“మాది పత్తి గాదు మేడం, వరి” అన్నది మానస, ఏదో తప్పు ఒప్పుకొన్నట్లు.

పోటీలు నడిపే కన్వీనర్‌కు ఎస్తేరు అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఆటను పొద్దున ఏడు గంటలకు మార్చండి, మా పిల్లలకు ఇబ్బందిగా ఉన్నదని వినయంగా అడిగింది.

“ఏం ఇబ్బంది మేడం?”

“మూడింటికి మొగ్గల పనుంటది సార్.”

కన్వీనర్ పెద్దగా నవ్వాడు.

“మొగ్గలా? మేడం, పరీక్షలుంటె చెప్పండి, పెండ్లిండ్లుంటె చెప్పండి. మొగ్గలని రాస్తె నన్ను నవ్వుతరు. పగలంత మొగపిల్లల మ్యాచ్‌లున్నయి. మీకు రాకుంటె రాలేమని రాసియ్యిండ్రి, అవతల జట్టే గెలిచినట్టు రాస్త.”

ఫోన్ పెట్టివేసి ఎస్తేరు చేతిలోని విజిల్‌ను నేలకేసి కొట్టింది. ఐదుగురు పిల్లలూ ఒక్కరొక్కరుగా జరిగి మానస వెనుకకు చేరారు. కొంతసేపటికి ఆమే వంగి, విజిల్ తీసుకొని, దుమ్ము తుడిచి మెడలో వేసుకొన్నది.

మిగిలిన పిల్లల ఇండ్లలో వదినలో చెల్లెళ్లో ఉన్నారు. గురువారం ఒక్క పూటకు ఎట్లాగో సర్దుకొంటామన్నారు. జములమ్మ ఇంట్లో మొగ్గ పని తెలిసిన చేతులు రెండు జతలే. కురుమూర్తికి చత్వారం, అద్దాలు పెట్టుకొన్నా రేపటి మొగ్గకూ ఎల్లుండి మొగ్గకూ తేడా తెలియదు. కూలికి పిలుద్దామంటే ఆ రోజులలో ఊరిలో ఖాళీగా ఉన్న చేయి లేదు. జములమ్మ లేకుంటే గోల్‌లో నిలబడవలసినది మానస.

మంగళవారం ఎస్తేరు పట్టుదల విడవక సాధన వేళ మార్చింది. పుప్పొడి పని పన్నెండింటికి ముగుస్తుంది, మొగ్గల పని రెండున్నరకు మొదలవుతుంది. నడుమ దొరికేది రెండున్నర గంటలు. ఆమె బంతుల సంచి భుజాన వేసుకొని, పట్నంలోని పిల్లలను షేర్ ఆటోలో ఎక్కించుకొని, ధరూర్ హైస్కూల్ మైదానానికి చేరింది. నెత్తి మాడే ఎండ. చేల నుంచి నేరుగా వచ్చిన పిల్లల వేళ్ల నిండా పసుపుపచ్చని పుప్పొడి. సగం మంది అన్నం తినలేదు. గోల్‌కు ఒక పక్క కర్ర ఉన్నది, రెండవ పక్క రాళ్లు పేర్చుకొన్నారు. జములమ్మ ఒక్కతె చక్కగా ఆడింది. మిగిలిన వారు బంతి కంటె నీడనే ఎక్కువ వెతికారు.

“లైన్ మీద నిలబడుండ్రి! లైన్!” అని ఎస్తేరు గొంతు బొంగురు పోయేదాకా అరిచింది.

“లైనేది మేడం?” అన్నది ఒక పిల్ల. నిజమే, ఆ నేల మీద గీత లేదు.

రెండున్నర కాగానే పిల్లలు చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయారు. ఎస్తేరు జములమ్మ వెంట చేనికి నడిచింది. దారి పొడవునా ఈరమ్మకు ఏమి చెప్పాలో కూర్చుకొన్నది. చేరాక కూర్చుకొన్నదంతా మరచిపోయి, “గురువారం ఒక్క పూట పంపియ్యమ్మా” అన్నది.

“పంపియ్యనంటనా? పూలకు జెప్పు మేడం, ఒక్కపూట ఆగుండ్రని. అవి ఆగితె నేను గుడ బస్సెక్కి వస్త, పిల్ల ఆట సూస్త” అన్నది ఈరమ్మ, చేయి ఆపకుండానే.

ఎస్తేరు ఊరక నిలబడలేక, “నాకు చూపియ్యి” అని సాలులోకి దిగింది. ఆమె తల్లిదండ్రులు వలస కూలీలు. బొంబాయిలో మట్టి మోసి కూతురిని హాస్టల్‌లో ఉంచి చదివించారు. చేని పని ఆమె చేతికి తగలనీయలేదు. ఆడడం మానినాక తన గోళ్లకు ఆ నియమం లేదు గనుక బొటనవేలికి గోరైతే ఉన్నది; అయినా మొదటి మొగ్గ నడిమికి విరిగింది. రెండవదీ అంతే. గట్టిగా పట్టితే నలుగుతుంది, మెత్తగా పట్టితే ఊడదు. పదిహేను మొగ్గలు పాడయ్యేసరికి ఆమెకు ఏడుపు వచ్చినంత పని అయింది.

“మేడం, నోరు మూసుకొని కండ్లు తెరువు. నువ్వు మొగ్గతోని గుడ కొట్లాడుతున్నవ్” అన్నది ఈరమ్మ.

పక్క సాలులో జములమ్మ చున్నీ నోట కుక్కుకొని నవ్వింది. మైదానంలో తాను పిల్లలను ఎన్ని మాటలన్నదో అన్నీ ఆ సాయంకాలం ఎస్తేరు పడింది. చీకటి పడే వేళకు ఆమె గిల్లిన సాలులో సగానికి సగం మొగ్గలను ఈరమ్మ కోసి పారవేసింది.

బుధవారమూ అదే ఎండ, అదే పరుగు. పెనాల్టీలు పట్టే పద్ధతి చెప్పడానికి పది నిమిషాలు మిగిలాయి. ఆ పది నిమిషాలలోనే బంతి గాలి పోయింది. “రేపు ఎట్లయితదో నాకైతే తెల్వదు” అని పిల్లల ముందే అనేసి, అన్నందుకు తనను తాను తిట్టుకొంటూ ఎస్తేరు మళ్లీ చేనికి వెళ్లింది. ఆనాడు మాటాడలేదు. గోరు దించడం, మెలిపెట్టడం, ఊడదీయడం, కాగితం తొడగడం. సాయంకాలం ఈరమ్మ ఆమె సాలు వెంట ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, మూడంటే మూడు మొగ్గలు తెంపింది.

“పనిల పడ్డవు, మేడం” అన్నది.

ఆటో కోసం గట్టు మీద నిలబడినప్పుడు జములమ్మ వచ్చి పక్కన నిలబడింది. చాలాసేపు కాలి వేలితో మట్టి గీకింది.

“మేడం, రేపు మీరు మా చేన్లకు పోతరా? గోల్‌ల నేనుంట.”

ఎస్తేరు ఆమె వైపు తిరిగి చూసింది. పదేళ్లు ఎదురు చూసిన ఆట అది. ఆ మైదానం గీత పక్కన నిలబడడానికే ఇన్నాళ్లు ఇన్ని మాటలు పడింది.

“జట్టుతోని లేడీ స్టాఫ్ ఉండాలె. ఎవరు పోతరు?”

“లైబ్రరీ అర్చన మేడం వస్తనన్నది. మానస అడిగింది.”

“అంటె నన్ను అడగకముందె అంత నడిపిండ్రన్నమాట!”

“మీరు కొడతరని భయమాయె.”

“నేనెప్పుడన్న కొట్టిన్నా?”

“కొట్టలే. గని కొట్టెటట్టె సూస్తరు.”

ఎస్తేరు మెడలోని విజిల్‌ను పిడికిట పట్టుకొన్నది. “పక్క నుంచి నేను అరవకుంటె ఒక్కరన్న లైన్ మీద నిలబడతరా?” అన్నది.

“మీరు అరుస్తె ఆగమైతున్నం మేడం. మీ దిక్కే సూస్తం, బంతి పోతది.”

కృష్ణా నది వైపు నుంచి ఆటో లైటు కనిపించింది. ఎస్తేరు మెడలోని విజిల్ తీసి జములమ్మ చేతిలో పెట్టింది. “అర్చన మేడంకియ్యి. ఊదుడు రాకుంటె మానసను నేర్పుమను” అన్నది. తరువాత చేని వైపు తిరిగి, ఎర్ర కాగితాల వరుసలను కళ్లతోనే లెక్క పెట్టసాగింది. “ఏ సాలు నుంచి మొదలు పెట్టాలె?”

“బోరు పక్క సాలు నుంచి. అవి జల్ది విచ్చుకుంటయి.”

“రెండున్నరకా?”

“రెండింటికె వస్తె మంచిది. మా అమ్మ సద్ది తెస్తది, మీకు గుడ.”

ఆటో ఆగింది. ఎస్తేరు ఎక్కి కూర్చుని, కాలి మీది దుమ్ము దులుపుకొంటూ, “హాఫ్‌టైమ్‌ల ఫోన్ చేస్త” అన్నది.

జములమ్మ ఆటో కడ్డీ పట్టుకొని లోపలికి వంగింది.

“ఒద్దు మేడం. నడుమ ఫోన్ చేసి ఎన్ని గోల్లాయెనని అడగకుండ్రి. మీ చెయ్యి వణుకుతది, మొగ్గ తెగుతది.”