మైకు మావయ్య చెప్పిన తాళ్ల వీధి

మా చిన్న మావయ్య నోరు తెరిస్తే రెండు వీధుల అవతల కూడా కిటికీలు మూసుకుంటారు. అందుకే ఆయన పేరు మైకు మావయ్య. మేనకోడల్ని గనక నేను మావయ్యా అన్నానంటే అర్థం ఉంది. మా ఆఫీసులో మేనేజరమ్మ కూడా అలాగే పిలుస్తుంది. ఆయనకేం పట్టింపు లేదు, పైగా గర్వం.

టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో ఉంటుంది మా టూర్ల కంపెనీ. అందులో మావయ్య గైడు. నేను బల్ల ముందు కూర్చుని ఫోన్లూ టికెట్లూ చూసుకుంటాను. కింద టైరుకి గాలి పట్టినప్పుడల్లా మా నేల అదురుతుంది, నా పెన్ను గీత దాటుతుంది. కంపెనీ అని పేరేగానీ మా దగ్గర అమ్మడానికున్నది ఒక్కటే సరుకు: రేవు వెనకాల ఉన్న తాళ్ల వీధి. దూరదేశాల వాళ్లు వ్యాను దిగి ఆ వీధిలో గంటన్నర నడుస్తారు, మళ్లీ వ్యానెక్కుతారు. ఆ గంటన్నర మా అందరి కూడూ గుడ్డా.

వీధిలో చూడ్డానికేముందని అడక్కండి. పెద్దగా ఏమీ లేదు. నాలుగు రాట్నాలున్నాయి. ఒక మనిషి రాట్నం తిప్పుతుంటే ఇంకో మనిషి ఒడిలో పీచు పెట్టుకుని, దాన్ని కొంచెం కొంచెంగా అందిస్తూ వీధి పొడుగునా వెనక్కి నడుస్తుంది. నడిచినకొద్దీ పురి సాగుతుంది. అలాంటి పురులు కలిపితే పేట, మూడు పేటలు కలిపితే తాడు. చూసినవాళ్లకి రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. మిగతా ఎనభై ఎనిమిది నిమిషాలు మావయ్య పూడుస్తాడు.

ఎలా పూడుస్తాడంటే, అబద్ధాలతో. మా మావయ్య ఊరు చూపిస్తాడన్న మాటేగానీ ఆయన చూసేది మాత్రం వచ్చినవాళ్ల ముఖాలు. ఎవరైనా ఆవలించారా, కథలో ఒక రాజు దిగుతాడు. ఇంకా ఆవలించారా, ఒకరు చస్తారు. అదంతా వాళ్ల భాషలోనే సాగుతుంది గనక వీధిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. నాకు అర్థమవుతుంది. అప్పుడప్పుడు వ్యాన్లో వెంట వెళ్లినప్పుడు విని నవ్వుకుని ఊరుకున్నాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇలా పంతొమ్మిదేళ్లు దర్జాగా గడిచాక పాత యజమాని విశ్రాంతి తీసుకుని కోడలికి కంపెనీ అప్పజెప్పాడు. ఆవిడే మేనేజరమ్మ. నాలుగు రోజుల శిక్షణకని వెళ్లి, లావుపాటి నోటు పుస్తకంతో తిరిగొచ్చింది.

"మావయ్యా, ఇన్నేళ్లూ మనం ఆ వీధిని అందరికీ చూపించాం. ఎప్పుడైనా ఆ వీధిని అడిగామా?" అంది.

"వీధిని అడగడమేంటమ్మా, వీధికి నోరుంటుందా?"

"వీధిలో ఉండేవాళ్లకి ఉంటుందిగా. మనం ఎంతమందిని తేవాలో, ఏ వేళకి తేవాలో, వాళ్ల గురించి ఏం చెప్పాలో వాళ్లే తేల్చాలి. వచ్చే ఆదివారం మీటింగు పెడుతున్నా. నువ్వు రోజూ చెప్పేది మన భాషలో వాళ్లకి మొత్తం వినిపించాలి. విని సరే అంటే సాగిద్దాం. వద్దంటే మానేద్దాం."

మావయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. "మానేస్తే ఎలాగమ్మా?" అన్నాడు. ఆ గొంతు నాకు కూడా వినపడీ వినపడనట్టుంది. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. ఇంకో పని రాదు. మాట్లాడకుండా చేసే పని అసలే రాదు.

మేనేజరమ్మ వెళ్లాక నా బల్ల మీదకి వంగాడు. "అమ్మాయ్, చప్పగా చెప్పేస్తా. ఉప్పూ కారం లేకుండా. పది వాక్యాలు, అంతే." ఆ వారమంతా ఆ పది వాక్యాలు వల్లె వేశాడు. పదకొండోది వచ్చినప్పుడల్లా నేను స్కేలుతో బల్ల మీద కొట్టాను.

ఆదివారం పొద్దున్నే తాళ్ల పాకలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. టీ, బిస్కట్లు పెట్టారు. ముందు వరసలో దర్జీ. ఆయన పక్కన రిటైరైన పోస్టుమాన్ తాత, మణికట్టు మీద గవర్నమెంటు వారు బహూకరించిన గడియారం. ఇటుపక్క తాళ్లక్క. వీధిలో అందరికన్నా బాగా తాడు పేనేది ఆవిడే, అందరికన్నా గట్టిగా మాట్లాడేది కూడా. ఆవిడ పక్కన ఒక పెద్దమనిషి నల్ల శాలువా మెడకి చుట్టుకుని టీలో బిస్కట్టు ముంచుకుంటున్నాడు. ఆయన్ని మా మావయ్య ఎన్నడూ చూసి ఉండడు. నేనూ చూడలేదు.

మావయ్య లేచాడు. "ఇది తాళ్ల వీధి. ఇక్కడ తాళ్లు పేనుతారు. అవి రాట్నాలు, తిరుగుతాయి. అది దర్జీ గారి కొట్టు, బట్టలు కుడతారు. ఆ చివరిది పోస్టుమాన్ తాత ఇల్లు. ఆయన రిటైరయ్యారు. అంతేనండి."

కూర్చోబోయాడు. నేను హమ్మయ్య అనుకున్నాను.

"ఇంతేనా?" అన్నాడు దర్జీ. "ఇది వినడానికా ఆ జనం విమానాలెక్కి వస్తున్నారు?"

పోస్టుమాన్ తాత నోరంతా తెరిచి, చప్పుడు చేస్తూ ఆవలించాడు.

అయిపోయింది. మావయ్య ముక్కుపుటాలు అదిరాయి. నేను చొక్కా పట్టి లాగుతూనే ఉన్నాను, గుండీ ఊడి నా చేతికొచ్చింది.

"ఇంతేనా అంటారేంటండీ! ఈ దర్జీ గారి ముత్తాత ఏడుగురు రాజులకి కోట్లు కుట్టాడు. ఏడో రాజు కోటు బిగుతైందని ఆయన బొటనవేలు తీయించాడు. మిగిలిన తొమ్మిది వేళ్లతోనే ఆయన రాజుగారి పెళ్లి కోటు కుట్టాడు!"

దర్జీ వాళ్ల నాన్న బస్సు కండక్టరు. కొట్టు ఈయనే పెట్టుకున్నాడు. అయినా ఆ మాట వినగానే నిటారుగా కూర్చుని తన వేళ్ల వంక గౌరవంగా చూసుకున్నాడు. "ఇంట్లో నాకెవరూ ఈ సంగతి చెప్పలేదే!" అన్నాడు.

"ఇక పోస్టుమాన్ తాత! ఆయన సంచి అడుగున ఇవ్వకుండా మిగిలిపోయిన ప్రేమలేఖ ఒకటుంది. ఆ పిల్ల ఎదురుచూసి చూసి..."

తాత కుర్చీ తన్నేసి లేచాడు. "నేనా? ఉత్తరం ఇవ్వలేదా? ముప్పై ఆరేళ్ల సర్వీసు! ఒక్క కార్డు, ఒక్కటంటే ఒక్క కార్డు నా దగ్గర ఆగిందని చూపించు!"

మావయ్యకి వినిపిస్తేగా! ఆయన అప్పటికే రాట్నాల దగ్గరికి వెళ్లిపోయాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే మామూలు మనుషులు మామూలుగా మాట్లాడినట్టుంటుంది.

"ఆ రాట్నం దగ్గర ఒక ఇల్లాలుంది. ఆవిడ భర్త పడవెక్కి వెళ్లాడు. తుఫానొచ్చింది. తాడు తెగింది. మనిషి తిరిగి రాలేదు. ఆనాటి నుంచి తెగని తాడొకటి పేనాలని ఆవిడ పంతం పట్టింది. ఆవిడ వెనక్కెందుకు నడుస్తుందో తెలుసా? ముందుకి నడిస్తే సముద్రం కనిపిస్తుంది గనక!"

పీచు అందించాలంటే వెనక్కే నడవాలని ఆ పాకలో ఉన్నవాళ్లందరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా ముక్కులు ఎగబీల్చారు. తాళ్లక్క కళ్లు తుడుచుకుంది. పక్కనున్న పెద్దమనిషి నిట్టూర్చాడు.

"అయ్యో పాపం. ఎవరే ఆవిడ? నాలుగో ఇంటామెనా?" అన్నాడు.

రాట్నాలున్న నలుగురూ ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. మావయ్య వేలు మాత్రం అలవాటు కొద్దీ గాల్లోకి లేచి, రోజూ ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగింది. తాళ్లక్క మీద.

పెద్దమనిషి చేతిలో బిస్కట్టు టీలో పడిపోయింది. "అంటే నేను పోయానా?" అన్నాడు. "ఎప్పుడు?"

"పంతొమ్మిదేళ్లయిందండీ," అన్నాడు మావయ్య, టూరు గొంతుతోనే.

తాళ్లక్కకి విషయం ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక లేచి నిలబడింది. "అందుకా! ఒక్కొక్కరూ వచ్చి నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, ఎంత మంచి జనమో, తాడంటే ఎంత ప్రాణమో అనుకున్నా! ఒకావిడ వాళ్లూరెళ్లి ఆ శాలువా కూడా పంపింది!"

మొగుడు మెడలోంచి శాలువా మెల్లగా తీసి, మడత పెట్టి, పక్క కుర్చీలో పెట్టాడు.

"ఆయనది గోడౌన్‌లో పొద్దుటి డ్యూటీ. నువ్వొచ్చే వేళకి ఇంట్లో ఉండడు. ఉండకపోతే చంపేస్తావా? నన్నడిగితే చెప్పేదాన్నిగా!"

మావయ్యకి నోట మాట రాలేదు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి గనక రాస్తున్నాను, లేకపోతే నేనూ నమ్మను.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఇన్నేళ్ల మంటంతా బయటికొచ్చింది. దారికడ్డంగా నిలబడి ఫొటోలు తీసి పురులు తెంపేస్తున్నారని ఒకరు. ఆరేసిన లోపలి బట్టలకి కూడా ఫొటోలెందుకని ఇంకొకరు. ఒక పొడుగాటి మనిషి మ్యూజియం అనుకుని తన స్నానాల గదిలోకొచ్చేశాడనీ, ఆ వేళ తాను లోపలున్నాననీ పోస్టుమాన్ తాత. మేనేజరమ్మ ఎదురు చెప్పకుండా అన్నీ రాసుకుంది. మొత్తం మీద తేలిందేంటంటే టూరు వద్దు. దర్జీ ఒక్కడే రాజులున్నంతవరకు తనకి అభ్యంతరం లేదన్నాడు.

మావయ్య కుర్చీలో ముడుచుకుపోయి కూర్చున్నాడు. నాకాయన మీద కోపం తన్నుకొస్తోంది, జాలి కూడా.

చివరికి తాళ్లక్కే నోరు విప్పింది. "రానీయండి. చూడ్డానికి వచ్చేవాళ్లు తప్పేం చేశారు? పది మందికి మించి వద్దు. మా పురులు తెగకుండా గోడవారగా నడవాలి. తలుపేసున్న ఇల్లు ఇల్లే, మ్యూజియం కాదు. వచ్చినదాంట్లో వీధి వాటాతో ఈ పాక కప్పు వేయించండి. మా సంగతి మేమే చెప్పుకుంటాం. ఈయన దాన్ని వాళ్ల భాషలోకి మార్చాలి. ఒక్క ముక్క కలిపాడా, ఆ రోజుతో సరి."

"కలిపింది మనకెలా తెలుస్తుంది?" అన్నాడు దర్జీ.

పోస్టుమాన్ తాత గడియారం ముందుకి చాపాడు. "మనం ఎంతసేపు మాట్లాడితే ఆయనా అంతసేపే. అర నిమిషం దాటితే నేను చూసుకుంటా." భాష రాకపోయినా దొంగని పట్టే మార్గం అంతకన్నా ఏముంది? అందరూ ఒప్పుకున్నారు. నన్ను కూడా కాపలా ఉండమన్నారు.

కొత్త పద్ధతిలో మొదటి టూరుకి తొమ్మిదిమంది వచ్చారు. మావయ్య చేతులు కట్టుకుని నడుస్తున్నాడు, వెనకే తాత గడియారం. దర్జీ తన కొట్టు దగ్గర జిప్పులు మార్చడం గురించి చెప్పాడు. మావయ్య జిప్పుల గురించే చెప్పాడు. రాజు గొంతు దాకా వచ్చినట్టున్నాడు, మింగేశాడు. ఆయన కంఠం కదలడం నేను చూశాను.

తాళ్లక్క రాట్నం దగ్గర ఆవిడ తోడికోడలు తిప్పుతోంది. తాళ్లక్క పీచు గురించి, పురి గురించి చెప్పింది. మావయ్య అంతే చెప్పాడు. తాత తలూపాడు. ఇక గండం గడిచిందనుకున్నాను. అంతలో తెల్లజుట్టు ఆవిడొకావిడ గుంపులోంచి ముందుకొచ్చి, తాళ్లక్క చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది.

మావయ్య తాళ్లక్క వంక చూసి తల దించుకున్నాడు.

"ఏమంటోంది?" అంది తాళ్లక్క.

"ఈవిడ ఆరేళ్ల క్రితం కూడా వచ్చిందట," అన్నాడు నెమ్మదిగా. "మీ ఆయన లేకుండా ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చావని అడుగుతోంది."

"మా ఆయన నిక్షేపంగా ఉన్నాడని చెప్పు. ఈయన అబద్ధం చెప్పాడని చెప్పు. అలాగే చెప్పు."

అక్కడున్నవాళ్లలో రెండు భాషలూ వచ్చింది మా ఇద్దరికే. ఆయన ఏదన్నా చెప్పి తప్పించుకుంటే నేను బయటపెట్టేదాన్నో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ మావయ్య చెప్పాడు. "నా భర్త బతికే ఉన్నాడు, ఈయన మీకు అబద్ధం చెప్పాడు" అని, తన వేలు తన వైపే చూపించుకుని, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు. తాత గడియారం చూడటం మర్చిపోయాడు.

తెల్లజుట్టు ఆవిడ తాళ్లక్క చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తర్వాత రెండు మాటలంది. మావయ్య నా వంక చూశాడు. నేనే చెప్పాను.

"ఈ ఏడు ఆవిడ భర్త పోయాడట అక్కా. నువ్వెలా తట్టుకున్నావో చూసి నేర్చుకుందామని ఇంత దూరం వచ్చిందట."

తోడికోడలు రాట్నం వదిలేసి దగ్గరికొచ్చింది. తాళ్లక్క తన ఒడిలోంచి గుప్పెడు పీచు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఎలా పట్టుకోవాలో వేళ్లు సర్ది చూపించింది. భుజం మీద చెయ్యి వేసి, తనతో పాటు వెనక్కి ఒక అడుగు వేయించింది. "నెమ్మదిగా రా అమ్మా, తొందరేం లేదు" అంటోంది ఈవిడ. ఆవిడ తన భాషలో తన మాటలేవో చెబుతోంది. ఇద్దరిలో ఎవరూ దుబాసీని పిలవలేదు.

మావయ్య రాట్నం పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఏ మూలకి పోవాలో తెలియనట్టున్నాడు.

"అలా గుంజలా నిలబడ్డావేం?" తాళ్లక్క దూరం నుంచే అరిచింది. "పురి వదులైపోతోంది, రాట్నం తిప్పు!"

మావయ్య గబగబా పిడి పట్టుకున్నాడు. పట్టుకుని ఆగిపోయాడు.

"ఎటు తిప్పాలక్కా?" అన్నాడు.

పంతొమ్మిదేళ్లలో ఆ వీధిలో మా మావయ్య అడిగిన మొదటి ప్రశ్న అది.