బావ చెవి, బామ్మర్ది లాప్‌టాప్, రెండు కిలోల చేపలు

మా ఆయనకు మేడ్చల్‌లో కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. మా తమ్ముడికి ఒక లాప్‌టాప్ ఉంది. మొన్న జూన్‌లో ఈ రెండింటి మధ్య నడిచిన వ్యవహారాన్ని ఏ రోజుకారోజు నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను కాబట్టి, ఇప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడవలసిన అవసరం తక్కువ.

ఇలా రాసుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. ఇరవై రెండేళ్లుగా నేను మందుల కంపెనీలో నాణ్యతను పరీక్షించే విభాగంలో పనిచేస్తున్నాను. అక్కడ ఏ అంకె తప్పినా చెరపకూడదు. దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన సంతకం, తేదీ, తప్పు ఎందుకు జరిగిందో చెప్పే ఒక వాక్యం రాయాలి. ఇంట్లోనూ అదే పద్ధతి. గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు, కారుకు డీజిల్ పోయించిన రోజు, రెండూ ఒకే పుస్తకంలో ఉంటాయి.

"సిలిండర్ మార్చినందుకు గూడ సంతకం పెడతవానే?" అని మా ఆయన అడుగుతుంటాడు.

పెడతాను.

ఆయన చేసే ట్యూనింగ్ చూడవలసిన దృశ్యం. పాతకాలపు పెట్రోలు కారు షెడ్డులోకి రాగానే బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా కళ్ళు మూసుకుంటాడు. ఆ సమయంలో బండి యజమాని దగ్గకూడదు. కార్బురేటర్ మీది చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పుతాడు, వింటాడు, అందులో సగం వెనక్కి తిప్పుతాడు. ఆ తరువాత సైలెన్సర్ దగ్గర అరచేయి పెట్టి, వచ్చే గాలిని వైద్యుడు నాడి చూసినట్టు చూస్తాడు. "ఇగ నవ్వుతాంది" అన్నాడంటే పని అయిపోయిందని అర్థం. బండి నవ్వడం నాకు ఇప్పటిదాకా వినిపించలేదు. అయితే అటువంటి బండ్లు ఇప్పుడు నెలకు రెండో మూడో వస్తాయి. మిగిలినవన్నీ లోపల చిన్న కంప్యూటర్ ఉన్నవే. వాటికి ఆయన ఆయిలు మారుస్తాడు, బ్రేకులు చూస్తాడు, ఇంజను వైపు మాత్రం పరాయి ఇంటి వంటగది వైపు చూసినట్టు మర్యాదగా చూసి ఊరుకుంటాడు.

మా తమ్ముడి పని సరిగ్గా ఆ వంటగదిలోనే. ఇంజనుకు ఏ వేగంలో ఎంత డీజిల్ పోయాలో, ఎంత గాలి ఇవ్వాలో ఆ కంప్యూటరులో అంకెల పట్టికగా ఉంటుంది. కారు కంపెనీ రాసిన ఆ అంకెలను తన లాప్‌టాప్‌తో చదివి, మార్చి, తిరిగి రాస్తాడు. దానిని మ్యాపు మార్చడం అంటాడు. దుండిగల్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాల ల్యాబులో ఉద్యోగం చేసేవాడు. ఉగాది తరువాత అది మానేసి ఈ పనిలో దిగాడు. భుజానికి సంచీ వేసుకుని షేర్ ఆటోలో తిరుగుతూ, రోడ్డు పక్కన ఆపిన కార్లలో కూర్చుని పనిచేసేవాడు. షాపు లేనివాడి చేతికి తాళంచెవి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. జూన్ ఆఖరులోగా తిరిగి వస్తే ఉద్యోగం ఉంటుందని ల్యాబు వాళ్ళు కబురు చేశారు. అందుకని ఒక గురువారం మా ఇంట్లో భోజనానికి కూర్చుని, షెడ్డులో పాత టైర్లు పేర్చిన ముందు సగం తనకు ఇమ్మని బావను అడిగాడు. ఇస్తే ఈ పనిలో నిలబడతాడు. లేకపోతే ల్యాబుకు వెనక్కి.

"బండి కింద పండకుండ మెకానిక్ అయినోన్ని నిన్నే సూస్తున్నర నేను" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఇంజన్ చెప్పింది వింటవ్ బావా. నేను దానికి చెప్త."

"కంపెనీ కుట్టి పంపిన అంగీ అది. దాన్ని ఇప్పి మళ్ల కుడతవా?"

"కంపెనోళ్లు కొండల మీది మంచుకు, ఎడారి ఎండకు కలిపి ఒక్కటే అంగీ కుడతరు. నీ బండి శామీర్‌పేట దాటి పోదాయె. నీ కొలతకు కుడత, పొట్ట కాడ జర వదులు పెట్టి."

బావాబామ్మర్దులు ఒకరినొకరు ఇలా అనుకోకపోతే మా వైపు వాళ్ళ మధ్య ఏదో చెడిందని అనుకుంటారు కాబట్టి నేను పప్పు వడ్డిస్తూ పోయాను. చివరికి మా ఆయన తేల్చి చెప్పాడు. మా పదేళ్ల డీజిల్ కారు మీద చేసి చూపించాలి. లీటరుకు రెండు కిలోమీటర్లు పెరిగితే ముందు సగం వాడిది. తీర్పు నా నోటుపుస్తకానిది.

నేను షరతులు రాశాను. ఒకే బంకు, ఒకే పంపు, ట్యాంకు నిండి పంపు మొదటిసారి టక్కుమన్న చోటనే ఆపడం. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు రెండుసార్లు వెళ్ళి రావడం, మొత్తం అరవై రెండు కిలోమీటర్లు. ఏసీ ఉండదు. అరవై దాటని వేగం. నడిపేది మా ఆయన, ముందు సీటులో నేను, వెనుక తమ్ముడు.

మొదటి పరీక్ష శనివారం ఉదయం. తమ్ముడు తన లెక్కల కోసం స్టీరింగు కింది సాకెట్‌కు వైరు తగిలించి, ఇంజను ఎంత కష్టపడుతున్నదో లాప్‌టాప్‌లో నమోదు చేసుకున్నాడు. అంతా సవ్యంగా జరిగేదే గానీ, రెండో విడతలో మా ఆయన శామీర్‌పేట చెరువు దగ్గర ఆపి, అప్పుడే పట్టిన చేపలు రెండు కిలోలు కొన్నాడు. షరతుల్లో చేపలు లేవు. అయినా బరువు బరువే కాబట్టి, "తిరుగు ప్రయాణంలో చేపలు, రెండు కిలోలు" అని రాసుకున్నాను. తిరిగి వచ్చి ట్యాంకు నింపితే పట్టిన డీజిల్ మూడు లీటర్ల తొమ్మిది వందల మిల్లీలీటర్లు. లీటరుకు 15.9.

ఆ మధ్యాహ్నం నేను చేపలు కడుగుతుంటే, గాలి కొట్టించుకొస్తానని మా ఆయన కారు తీసుకుని వెళ్ళి గంటన్నరకు వచ్చాడు. ఆ గంటన్నరను నేను పుస్తకంలో రాయలేదు. తప్పు నాదే.

ఆదివారం ఉదయం ఏడింటికి తమ్ముడు వచ్చాడు. అలవాటు ప్రకారం కారును కాసేపు తిప్పి మళ్ళీ ఒకసారి నమోదు చేసుకుని, ఆ తరువాత మ్యాపు రాయడానికి కూర్చున్నాడు. మా ఆయన చాయ్ గ్లాసుతో కిటికీ పక్కన నిలబడ్డాడు.

"యాడిదాక వచ్చింది?"

"అరవై శాతం."

"గింతసేపట్ల అన్నం వండి, తిని, గిన్నెలు గూడ తోముకోవచ్చు."

"మధ్యల ఆపితే ఇగ స్టార్ట్ గాదు బావా. మాట్లాడియ్యకు."

మా ఆయన ట్యూనింగుకూ దీనికీ కళ్ళు మూసుకోకపోవడం ఒక్కటే తేడా. దగ్గకూడదన్న నియమం ఈ పనిలోనూ ఉన్నదని నేను గమనించాను.

రెండో పరీక్షకు బయలుదేరాము. చెరువు దగ్గర నేనే ఆపించాను. ఇద్దరూ వద్దన్నా వినకుండా రెండు కిలోల చేపలు కొనిపించాను. నిన్నటి పులుసు ఇంకా గిన్నెలోనే ఉంది, కాని పరీక్ష పరీక్షే. ఈసారి పట్టిన డీజిల్ మూడు లీటర్ల రెండు వందల మిల్లీలీటర్లు. లీటరుకు 19.4. అంటే మూడున్నర పెరిగింది.

మా ఆయన ఆ అంకెను చూసి, "గెలిచినవ్‌ర. ముంగటి సగం నీదే. టైర్లు రేపు తీపిస్త" అన్నాడు. అంతే. ఒక్క ఎత్తిపొడుపు లేదు. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆ మనిషి అంత ప్రశాంతంగా ఓడిపోవడం నేను చూడలేదు. అనుమానం వచ్చింది గానీ, అనుమానానికి నా పుస్తకంలో గడి లేదు.

సాయంత్రం ఆరింటికి తమ్ముడు తిరిగి వచ్చాడు. మా ఆయన బయట కారు తుడుస్తున్నాడు. వీడు నేరుగా వంటింట్లోకి వచ్చి లాప్‌టాప్ తెరిచి రెండు గీతలు చూపించాడు.

"గిది నిన్నటిది అక్కా. గిది పొద్దుగాల నేను రాయకముందుది. అదే అరవై స్పీడు, అదే రోడ్డు. నేను చెయ్యి పెట్టకముందే ఇంజన్ తేలికైంది. మూడున్నర నాది గాదు."

"మీ బావకు చెప్పావా?"

"నీకే చెప్తున్న."

"చెప్తే షెడ్డు పోతుంది కదరా. నెలాఖరుకు ల్యాబుకు పోవాలి నువ్వు."

"తెలుసక్కా. పది మందికి మూడున్నర వస్తదని చెప్త. పదకొండోడు కాలర్ పట్టుకుంటడు. అప్పుడు షెడ్డు ఉండి ఏం లాభం?"

నేను మా ఆయనను పిలిచాను. ఆ గంటన్నర ఏం చేశావని అడిగాను. గాలి కొట్టించానన్నాడు. గాలికి పది నిమిషాలు చాలునన్నాను. మిగిలిన ఎనభై నిమిషాలకు సమాధానం కావాలన్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తుడవడానికి ఏమీ మిగలనంతగా తుడిచి, అప్పుడు చెప్పాడు.

"శనారం దిగినంక చక్రాలు ముట్టి సూసిన. వెనుక ఎడమది కాలుతాంది. బ్రేక్ పట్టుకుంది. గది వదులు చేసిన. ఎయిర్ ఫిల్టర్ల దుమ్ము చేటెడు ఉండె. టైర్లల్ల గాలి సగం లేకుండె. సొంత బండి గదా, రేపు రేపు అనుకుంట ఉన్న."

ఊరి బండ్లన్నీ బాగుచేసే మనిషి, సొంత కారును బ్రేకు పట్టుకున్న చక్రంతో ఎన్ని నెలలు తిప్పాడో లెక్క కట్టాలనిపించింది. ఆపుకున్నాను.

"మరి పరీక్ష నడుస్తుండగా ఎందుకు చేశావు? చేసినవాడివి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నా బండే ఖరాబుగ ఉండెనని వీడు మేడ్చలంత చాటింపేస్తడు. చెయ్యకుంట ఎట్లుంటనే? ఇంకో పనోని చేతికి బండి ఇచ్చేటప్పుడు మన తప్పు అండ్ల ఉంచి ఇయ్యరు. మా ఉస్తాద్ ఉంటే చెంప పగలగొడుతుండె."

తమ్ముడు లాప్‌టాప్ మూసేశాడు. "బావా, నన్ను పనోడు అన్నవ్."

"నోరు జారింది."

"అక్కా, రాసుకో. టైం గూడ రాయి."

ఆరు గంటల ఇరవై నిమిషాలు. రాశాను. రెండో పరీక్ష మీద ఒక గీత గీసి, సంతకం పెట్టి, "వాహనం స్థితి మధ్యలో మారినది, పరిశీలకురాలు గమనించలేదు" అని పక్కన రాశాను.

మరుసటి శనివారం మూడో పరీక్ష. తమ్ముడు తన అంకెలు తీసేసి కంపెనీ అంకెలనే తిరిగి రాశాడు. చెరువు దగ్గర ఆ రోజు చేపలు దొరకలేదు. ఇలాంటిది జరగవచ్చని ముందే ఊహించి ఇంటి నుంచి తెచ్చిన రెండు కిలోల కందిపప్పును సంచీలోంచి తీసి, అక్కడే తమ్ముడి ఒడిలో పెట్టాను. అంతవరకూ అది కూడా బండిలోనే ఉన్నది కదా అని వాడు అడిగాడు. ఆ ప్రశ్నను కూడా పుస్తకంలో రాసుకున్నాను. పట్టిన డీజిల్ మూడు లీటర్ల మూడు వందల యాభై మిల్లీలీటర్లు. లీటరుకు 18.5. అంటే మా ఆయన గంటన్నర పనికి వచ్చింది 2.6. తమ్ముడి మ్యాపుకు వచ్చింది 0.9. షరతు రెండు.

"సున్నా పాయింట్ తొమ్మిది" అన్నాడు తమ్ముడు.

"ముందుగాల సున్నా సదివినవ్, మంచిగ చేసినవ్" అన్నాడు బావ.

"టైర్లు తియ్యకు బావా. ల్యాబుకు పోత."

"సోమారం నాడే తీసిన. ముప్పై ఎనిమిది టైర్లు. మళ్ల పేర్చనీకి నాకు నడుములు లేవు."

"షరతు రెండు గదా?"

"షరతు మీ అక్క పుస్తకంల ఉంది, షెడ్డు నా పేరు మీద ఉంది. గెలిచిన్నాడే వచ్చి నా వల్ల గాలేదు అని చెప్పినోడు ఈ రోడ్డు మీద నాకు ఇంకోడు కానరాలే. ఒక్కటే మాట. ఏ బండి వచ్చినా ముందు చక్రాలు, ఫిల్టరు, గాలి. అవి అయినంకనే నీ డబ్బా తెరువు."

"మరి నువ్వు ఏది ముట్టినా నాకు చెప్పాలె."

"చెప్పకుంటే?"

"నా లాప్‌టాప్‌ల గీత చెప్తది."

సోమవారం ఉదయం మొదటి కారు వచ్చింది. సూరారంలో సొంత దుకాణం ఉన్న పెద్దమనిషి. లీటరుకు మూడున్నర పెరుగుతుందట కదా అంటూ దిగాడు. ఆ మాట ఎవరు చెప్పారని తమ్ముడు అడిగితే, ఆయన మా ఆయన వైపు చూపించాడు. గెలుపు ఒక్క రోజు కూడా నిలవలేదు గానీ, ఆ ఒక్క రోజులోనే మా ఆయన బామ్మర్ది గురించి మేడ్చల్ సగానికి చెప్పుకున్నాడని అప్పుడు బయటపడింది.

"మూడున్నర గాదు సార్. సున్నా పాయింట్ తొమ్మిది. తక్కువ గూడ రావచ్చు" అన్నాడు తమ్ముడు. పెద్దమనిషి ముఖం వాడిపోయింది. ఈలోగా మా ఆయన కారు కింద నుంచి కేక వేశాడు.

"బామ్మర్దీ! గీయన బ్రేక్ గూడ పట్టుకుంది. ఇటు రా, అంగీ మాసిపోతె మాసిపోనీ."

తమ్ముడు లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, ఇస్త్రీ చొక్కాతోనే కారు కిందికి దూరాడు. ఆ కారుకు మ్యాపు రాయడం బుధవారానికి గానీ కాలేదు. ల్యాబు వాళ్ళకు మాత్రం సోమవారం మధ్యాహ్నమే ఫోన్ చేసి, ఇక రానని చెప్పాడు.