వేగం పెంచితే లోతు చెప్పని పడవ

పడవల్లో లోతు చూపే మీటర్లు బాగుచేయడం నా పని. వెంకటేశ్వర్లు అన్న పడవ కోసం ముత్తుకూరు వెళ్లడం ఇది మూడోసారి, నిజం చెప్పాలంటే వెళ్లబుద్ధి కాలేదు. కానీ సముద్రంలో కొలతలు తీసే కంపెనీ మనిషి ఆ సాయంత్రమే వస్తున్నాడు. పడవ పరుగులో ఉన్నప్పుడు కూడా లోతు కనిపిస్తేనే సీజనంతా బాడుగకు తీసుకుంటారట. పాత పడవ అమ్మేసి ఈ ఫైబర్ పడవ కొన్న అన్నకు ఆ బాడుగే ఆధారం.

పొద్దున్నే నెల్లూరులో బస్సెక్కితే గంటలోపే ముత్తుకూరు చేరుకోవచ్చు. దారంతా పోర్టు లారీలే, కళ్లలో దుమ్మే. అక్కడి నుంచి పడవల రేవుకు షేర్ ఆటో దొరుకుతుంది. "మళ్లా ఆ పడవకేనా సార్?" అన్నాడు ఆటో అతను. అవునన్నాను. "అది మిమ్మల్ని ఇడిసిపెట్టేటట్టు లేదే!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మెల్లగా పోతున్నంతసేపూ ఆ మీటరంత బుద్ధిమంతుడు లేడు. వేగం పెంచగానే అంకె మాయమై గీతలు మిగులుతాయి. పోయిన రెండుసార్లూ వైరు మార్చాను, బ్యాటరీ చూశాను, పడవ వెనక అడుగున ఉండే సెన్సార్‌ను కాస్త దించాను. ఏదీ పనిచేయలేదు. సెన్సార్ కిందికి శబ్దం పంపి లోతు కొలుస్తుంది. నురగ అడ్డొస్తే దానికి కళ్లు మూసుకుపోతాయి. మరి ఆ నురగ ఎక్కణ్నుంచి వస్తోంది? ఈసారి విసుగొచ్చి పడవను ఒడ్డుకు లాగించి, అడుగంతా అరచేత్తో తడిమాను. సెన్సార్‌కు సరిగ్గా ముందు, పెయింటు కింద, గట్టి బొడిపె తగిలింది. గీకితే గవ్వ! వేగంలో నీళ్లు దానికి కొట్టుకునే నురగ లేస్తోందన్నమాట.

అప్పుడే అన్న భార్య రమణమ్మక్క అన్నం క్యారియరుతో వచ్చింది. "నేనే అతికించినా సామీ, దిష్టికి. అందరూ ముందర కడతారు. మమ్మల్ని కొట్టింది ఎనకనించి కదా" అంది. పాత పడవను వెనక నుంచి ఇంకో పడవ గుద్దినప్పటి నుంచి అన్న ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. నేను ఉలి తీశాను.

"దాన్ని ముట్టుకోబాక సామీ! నీ మిషనే జరుపుకో" అంది అక్క.

అన్న వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "జరిపెయ్ సామీ, ఆమె ఇనదు" అన్నాడు.

ఏడుపొచ్చినంత పనైంది. ఎండలో ఇంకోసారి రంధ్రాలు వేసి, పాతవి పూడ్చి, సెన్సార్‌ను రెండో వైపుకు మార్చాను. అక్క తెచ్చిన క్యారియరులో చేపల పులుసు చల్లారిపోయింది.

సాయంత్రం కంపెనీ మనిషి మీటరు ముందే కూర్చున్నాడు. ఇంజిన్ పూర్తి వేగం అందుకుంది. అంకె మారుతోంది కానీ మాయం కాలేదు. ఏరు సముద్రంలో కలిసే చోటు దాకా పోయి తిరిగొచ్చేటప్పుడు, "రేపట్నుంచి వచ్చేయండి" అన్నాడతను. అన్న, ఒడ్డున నిలబడ్డ రమణమ్మక్కకు కనిపించేలా ఎడమ చెయ్యి ఎత్తాడు. భుజం దాకానే లేచింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను, ఒళ్లంతా పులిసిపోయింది. అయినా నాలుగో పిలుపు రాదన్న సంగతి హాయిగానే ఉంది. ఆ గవ్వ మీద కోపం కూడా బస్సు దిగేసరికి పోయింది. భయపడ్డ మనిషి తనకు చేతనైన కాపలా పెట్టుకుంది, అంతే కదా.

మీ పడవలోనూ వేగంలో లోతు కనిపించకపోతే, వైర్లు మార్చే ముందు సెన్సార్ ముందున్న అడుగుభాగాన్ని చేత్తో తడమండి. గవ్వ తగిలితే మాత్రం, ఉలి తీయకముందే ఇంటావిడను అడగండి.