లయకు పెట్టిన సున్న

మాది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే రోడ్డు పక్కన ఉంటుంది. అక్కడ నేను జీవశాస్త్రం చెబుతాను. ఒక్క సున్న వల్ల నేను పడ్డ తలనొప్పి పగవాళ్లకు కూడా వద్దు.

పదో తరగతిలో ఒక కోయ పిల్ల ఉండేది. సాయంత్రం చెప్పిన పాఠం అప్పుడే అడిగితే పొల్లు పోకుండా అప్పజెప్పేది. మర్నాడు అడిగితే బిక్కమొహం వేసేది. మొదట్లో నేనూ కసిరాను, బెంచీ ఎక్కించాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమెకు నర్సు కావాలని ఆశ. పది తప్పితే మాత్రం బడి మాన్పించి మిరపతోటల్లో కూలికి తీసుకుపోతానని వాళ్ల నాన్న నా ముందే చెప్పి వెళ్లాడు.

దసరా సెలవులకు ఇంటికి పోయి కంటినిండా నిద్రపోయి వచ్చింది. సెలవులకు ముందురోజు నేను చెప్పిన రక్తప్రసరణ పాఠాన్ని వచ్చీ రాగానే గడగడా చెప్పేసింది. అప్పుడు గాని నాకు బుర్ర వెలగలేదు. మా దగ్గర పిల్లలను రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, మళ్లీ నాలుగింటికే లేపుతారు.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు అందించుకునే చోట సన్నని సందు ఉంటుంది. ఆ కణాలన్నీ కలిసి ఒక లయలో పనిచేస్తుంటాయి. కబురు ఆ లయకు సరిగ్గా అందితే అక్కడి బంధం గట్టిపడుతుంది, తప్పితే వదులవుతుంది. నాట్లలో నారు అందించే చేయి, నాటే చేయి కలిసినట్టు కలవాలి. గాఢనిద్రలో నెమ్మదైన అలలు లేస్తాయి. పగలు నేర్చుకున్నది ఆ అలల్లోనే మళ్లీ మెదిలి కుదురుకుంటుంది. సరిగ్గా ఆ నిద్రనే మేము పిల్లల దగ్గర్నుంచి లాక్కుంటున్నాం.

ఇదంతా రెండు పేజీలు రాసి, పిల్లలను ఆరింటిదాకా పడుకోనివ్వమని మా ప్రధానోపాధ్యాయురాలు పెద్దమేడంకు ఇచ్చాను. 'నిద్రలో మెదడు లయ వల్లే జ్ఞాపకం నిలుస్తుంది' అని పైన పెద్ద అక్షరాలతో రాశాను. ఆమె ఆ పైవాక్యం తప్ప మరేమీ చదవలేదు. మంచి సూక్తిలా ఉంది, దిద్దిపెట్టమని తెలుగు టీచరుకు ఇచ్చింది. సృష్టి, స్థితి, లయం చెప్పే ఆ మహాతల్లి నా లయ పక్కన ఒక సున్న పెట్టి మిగతాది కొట్టేసింది. వారం తిరిగేసరికి చదువుల హాలు గోడ మీద ఎర్రరంగుతో వెలిసింది: నిద్రలో మెదడు లయం. మేలుకో, చదువుకో.

నాకు ఒళ్లు మండిపోయింది. అర్థం పూర్తిగా తిరగబడిందని, చెరిపించమని మొత్తుకున్నాను. తనిఖీకి వచ్చే వాళ్లకు చూపించాలని పెద్దమేడం అప్పటికే ఆ గోడను ఫొటో తీసి పంపేసింది.

"గంత మంచిగ రాయించినం. ఒక్క సున్నకు గింత లొల్లి ఏంది మేడం?" అంది.

పబ్లిక్ పరీక్షలకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో నిద్రకూ జ్ఞాపకానికీ సంబంధమేమిటని అడిగాను. క్లాసులో మూడుసార్లు చెప్పిన పాఠమే అది. ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: నిద్రలో మెదడు లయమవుతుంది, కాబట్టి నిద్రపోరాదు. ఎర్రపెన్నుతో సున్న పెట్టి పిలిచాను. నేను చెప్పిందేమిటి, నువ్వు రాసిందేమిటని అడిగాను. కళ్లు నిలపలేక తూలుతూ నిలబడింది.

"గోడ మీదున్నదే రాసిన టీచర్. మీరు చెప్పింది ఎంత చదివినా ఉంటలేదు. నాకు యాదికున్నది గదొక్కటే."

ఆ పేపరు పట్టుకొని పెద్దమేడం గదికి విసురుగా వెళ్లాను. తలుపు దగ్గర ఆయమ్మ చేయి అడ్డం పెట్టింది. పొద్దున నాలుగింటికి లేచినందుకు మేడంకు తల పనిచేయడం లేదట, కాసేపు పడుకుందట, లేపొద్దందట.