యాకోబు కారు ఆగకుండా పోయిన రోజు

మా ఇంటి ఓనరు యాకోబు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని "మెల్లగ, జర మెల్లగ" అంటూ ఉంటాడు. శిష్యులెవరినీ సెకండ్ గేరు దాటనివ్వడు. అలాంటి మనిషి సొంతానికి మాత్రం రేసు కారు కొనుక్కున్నాడు. పాతికేళ్ల కిందటి మోడలు. ఆ రోజుల్లో కాలేజీ పిల్లలు దాని బొమ్మ గోడకు అంటించుకునేవారట. కంపెనీ పేరు చెప్పను, వాళ్ల ఉసురు నాకెందుకు? అది ఎప్పుడూ గేటుకు అడ్డంగా ఉంటుంది. నా స్కూటరు బయటికి తీయాలంటే నేను ఊపిరి బిగబట్టి పక్కకు తిరగాలి.

ఆ కారు ఎంత వేగంగా పోగలదో యాకోబుకు కూడా తెలియదు. వేగం అందుకునేలోపే ఇంజను మరిగిపోతుంది. కొత్తపేట వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి పొగలు లేస్తాయి. అక్కడ పంక్చర్ షాపు కొండల్ నీళ్ల డబ్బాతో తయారుగా ఉంటాడు. ఎల్బీనగర్ దాటాక టిఫిన్ బండి అండాలమ్మ దగ్గర ఇంకో మజిలీ. కాలుతున్న రేడియేటర్ మూత తిప్పడానికని ఆవిడ ఒక తడి గోనెసంచి ప్రత్యేకంగా దాచి ఉంచింది. ఇంట్లో కూరలో ఉప్పు లేకపోయినా నోరు విప్పని యాకోబు, వీళ్లిద్దరి బెంచీల మీద కూర్చుంటే లేవడు. కొండల్ బావమరిది తగాదా నుంచి అండాలమ్మ మోకాళ్ల నొప్పి దాకా ఆయనకు తెలియంది లేదు.

ఆయన భార్య ఎస్తేరు దవాఖానలో నర్సు. ఆ కారెక్కడం ఎప్పుడో మానేసింది. ఎక్కడికైనా కలిసి బయల్దేరితే ఆయన కారులో, ఆవిడ వెనకాల ఆటోలో, ఒళ్లో నీళ్ల బాటిళ్లతో. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అడుగుదామనుకునేవాణ్ని. కిరాయికి ఉండేవాడికి అంత నోరెక్కడిది?

మే నెలలో హయత్‌నగర్‌లో ఎస్తేరు చెల్లెలు రూబీ కొత్తింటి ప్రార్థన పెట్టుకుంది. ఇద్దరం కలిసి కారులోనే పోదామని యాకోబు బతిమాలాడు.

"దారిల ఒక్కపారి గూడ ఆగకుండ తీస్కపోతే ఎక్కుత. ఆగిందంటే మల్ల జన్మల ఎక్క, నన్ను అడగొద్దు" అంది ఎస్తేరు.

"ఆగితే నేనే అమ్మేస్త" అన్నాడు యాకోబు, ఆవేశంగా.

మర్నాడే ఆన్‌లైన్‌లో అల్యూమినియం రేడియేటర్ తెప్పించాడు. తళతళా మెరిసిపోతోంది. పాతదానికంటే రెండు వేళ్ల మందం ఎక్కువ. ఎల్బీనగర్ మెకానిక్ గజేందర్ దాన్ని లోపల దించితే, వెనక ఫ్యాను పట్టే చోటు లేదు. ఫ్యాను విప్పి రేడియేటర్ ముందు బిగించాడు. దానికోసం కారు మూతి మీది జాలీ కోశాడు. స్విచ్ వేయగానే ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాయన చేతిలో పేపరు ఎగిరిపోయింది.

"వైర్లు ఉల్టా కలిపిన అన్నా. గాలి ఇంజన్‌కు గాదు, కాలనీకి పోతాంది" అన్నాడు గజేందర్, ఏమాత్రం సిగ్గుపడకుండా.

వైర్లు మార్చాక కూలెంట్ కలిపిన పచ్చటి నీళ్లు పోశారు. లోపల చిక్కిన గాలి పోవాలని ముందు చక్రాలు ఫుట్‌పాత్ మీదికెక్కించి, హీటరు పూర్తిగా తిప్పారు. ఆ ఎండలో, ఆ హీటర్ ముందు, యాకోబు స్టీరింగు పట్టుకుని చెమటలో స్నానం చేస్తూ కూర్చున్నాడు. ఇంజను వేడి చూపించే ముల్లు సగం దాటకుండా ఆగింది. దిగివచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకున్నాడు. గజేందర్ పక్కనే కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయ కట్టాడు. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. రూబీకి ఇవ్వాల్సిన గోడగడియారం ఒళ్లో పెట్టి నన్ను సాక్షిగా వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఎస్తేరు పట్టుచీర కట్టుకుంది. ఎంత బాగుందో! యాకోబు మాత్రం ముల్లునే చూస్తున్నాడు.

కొత్తపేటలో కొండల్ డబ్బా పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు. యాకోబు మహారాజులా చెయ్యూపి ముందుకు పోయాడు. కొండల్ కేకలు పెడుతూ కొంత దూరం పరుగెత్తాడు.

"ఆ ముల్లును చూసినట్టు నన్నెప్పుడన్న చూసినవా?" అంది ఎస్తేరు.

"సగం కాడనే ఉంది" అన్నాడు యాకోబు.

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. నాకు చాలా జాలేసింది. ఇన్నేళ్లకు పక్కన కూర్చుంటే, ఆ మొగుడికి కళ్లు లేవు.

ఎల్బీనగర్ దాటాక రోడ్డుకు అడ్డంగా రెండు బెంచీలు, వాటి ముందు చేతులు చాపి అండాలమ్మ. యాకోబు బ్రేకు మీద నిలబడ్డాడు. కారు ఆగింది.

"బ్రేకులు వొయినయంట గదన్నా! ఆగుతలేడని కొండల్ ఫోన్ జేసిండు!" అంటూ ఆవిడ వచ్చింది.

"బ్రేకులు మంచిగనే ఉన్నయ్. బండి మరుగుతలేదు, గందుకే ఆగలే!"

"మరగకుండ ఎట్లుంటది? నీ బండే కద?"

రోషం ఆపుకోలేక యాకోబు దిగి బానెట్ ఎత్తి కొత్త రేడియేటర్ చూపించాడు. ఆయన దాని గొప్ప చెప్పడం మొదలుపెట్టేలోపే, అండాలమ్మ అలవాటుగా గోనెసంచి కప్పి మూత తిప్పేసింది. సంచీ, మూతా ఆకాశానికి లేచాయి. పచ్చటి నీళ్లు అంతెత్తున చిమ్మి, పక్కకు దూకిన యాకోబు తెల్లచొక్కా మీద వానలా పడ్డాయి. అప్పుడే బైకు మీద చేరుకున్న కొండల్ డబ్బా ఎత్తి "నేను జెప్పలే?" అన్నాడు, గెలిచినవాడిలా.

యాకోబు బెంచీ మీద కూలబడ్డాడు. తలెత్తి ఎస్తేరు వైపు చూడలేకపోయాడు. ఆవిడ ఆటో పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. వచ్చి పక్కన కూర్చుని కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఆగింది కద. అమ్మేస్తలే" అన్నాడాయన.

"ఆగలే. గీళ్లు ఆపిన్రు" అంది.

యాకోబు మెల్లగా మాటల్లో పడ్డాడు. ఆవిణ్ని పక్కన పెట్టుకుని విజయవాడ రోడ్డు మీద పోవాలనే ఈ కారు కొన్నానన్నాడు. మళ్లీ ఎక్కడ మరిగి పరువు పోతుందోనన్న భయంతో ముల్లు మీంచి చూపు తిప్పలేకపోయానన్నాడు. ఎస్తేరు దవాఖానలో కొత్త డాక్టరమ్మ సంగతి చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గడియారం ఒళ్లో పెట్టుకుని దూరంగా, ఇంకో బెంచీ మీద ఇడ్లీ తిన్నాను.

కొండల్ నీళ్లు నింపి మూత బిగించాడు. రూబీ నుంచి ఫోను మీద ఫోను. యాకోబు లేచి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించాడు.

"సల్లగయింది. పోదామా?"

ఎస్తేరు కూడా లేచి తన చెయ్యి పెట్టి చూసింది.

"యాడ సల్లగయింది? ఇంక కాలుతనే ఉంది" అంది. "కూసో."