యాడున్నావు అని అడిగే ఆట

మొన్న మా మనవరాలు పొద్దున్నే చాప పరుచుకొని కళ్ళు మూసుకొని కూర్చుంది. ఏం చేస్తున్నావే అంటే, మనసును ఉన్నచోట ఉంచడం నేర్చుకుంటున్నానంది. దానికోసం వారానికి మూడు రోజులు తరగతికి కూడా పోతోందట. నాకు నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది, దానికి కారణం వెతకనక్కర్లేదు. ఇదే విద్యను మా అవ్వ మూడు గులకరాళ్ళతో, పదిహేను చింతగింజలతో నేర్పింది. చాప కూడా వేయలేదు.

మాది చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ఒక పల్లె. అప్పుడు యుద్ధం జరుగుతోంది. నాకు తొమ్మిదేళ్ళు. ఇంట్లో నలుగురం: మా నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. అయిదో మనిషి మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పటాలంలో చేరి బర్మా పక్కకు పోయాడు. పోతూ ఆయన మాకు వదిలిపెట్టిన ఆస్తి రెండే. ఒకటి, మా పంచలో పరిచిన బండ మీద ఉలితో చెక్కిన పులిజూదం గీతలు. రెండోది, అంచులు నలిగిన పేకముక్కల కట్ట.

పులిజూదం తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒకవైపు మూడు పులులు, ఇంకోవైపు పదిహేను మేకలు. పులి ఒక మేక మీదుగా దూకితే ఆ మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులులను కదలనీయకుండా చుట్టుముడితే పులులు ఓడినట్టు. మా ఇంట్లో గులకరాళ్ళు పులులు, చింతగింజలు మేకలు. అవ్వ ఎప్పుడూ మేకల పక్షమే. ఆమె మేకల్ని నడిపే తీరు చూస్తే నాకు పులుల మీద జాలేసేది.

ఇక మా నాయన సంగతి. ఆయన బెల్లం వండే మనిషి. చుట్టుపక్కల చెరకు తోటలున్న ఆసాములు గానుగ ఆడించినప్పుడు పాకం చూడడానికి ఆయననే పిలిచేవాళ్ళు. రసం మరిగించడం ఎవరైనా చేస్తారు, పెనం ఎప్పుడు దించాలో తెలియడమే విద్య. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు, జావలాగే ఉంటుంది. కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. నాయన చెంబులో చన్నీళ్ళు పెట్టుకొని, అందులో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చెంబుకేసి కొట్టేవాడు. టక్కుమంటే దించమనేవాడు. ఆ టక్కు మీదే మా నాలుగు కడుపులూ ఆధారపడి ఉండేవి.

చిన్నాయన పోయిన మొదటి ఏడాది ఉత్తరాలు బాగానే వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి, ఏడాది దాటినా జాడ లేదు. ఆ చెరకు కాలంలోనే మా నాయన రెండు పెనాలు మాడ్చాడు. గరిటె చేతిలోనే ఉంది, కళ్ళు పాకం మీదే ఉన్నాయి, మనిషి మాత్రం అక్కడ లేడు. రెండో పెనం మాడిన రోజు ఆసామి అరవలేదు. అరిచినా బాగుండేది.

"వచ్చే నెల ఏటిగట్టు తోట కొట్టిస్తా. అప్పుడు ఒక్క పెనం నీకిస్తానబ్బా. అదీ పోతే వేరే మనిషిని సూసుకుంటా, ఏమనుకోవద్దు" అన్నాడు.

పాకం మాడ్చాడన్న మాట ఒక ఊళ్ళో పుడితే పది ఊళ్ళకు పోతుంది. ఆ మూడో పెనం కూడా పోతే నాయనను ఇంకెవరూ పిలవరని నాకు కూడా అర్థమైంది. నాయన ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. అమ్మ ఏడ్చింది. అవ్వ మాత్రం పంచలో బండ శుభ్రంగా తుడిచి, చింతగింజలు కుప్ప పోసి, "రాండి, ఆడదాం" అంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు అని అమ్మ గొణిగింది. అత్తకు వినబడేంత గట్టిగా మాత్రం గొణగలేదు.

అవ్వ ఆ రోజు ఒక కొత్త నియమం పెట్టింది.

"ఆట జరిగేటప్పుడు ఎవురు ఎవుర్నైనా 'యాడున్నావు' అని అడగొచ్చు. మనసు ఈడే ఉంటే ఈడే అనాల. ఇంగో సోట ఉంటే ఆ సోటు పేరు సెప్పి, ఒక ఎత్తు పోగొట్టుకోని తిరిగి రావాల. అబద్దం మాత్రం ఆడకూడదు. ఈ బండ కాడ సెప్పింది కాణిపాకంలో సెప్పినట్టే."

అది చిన్న మాట కాదు. కాణిపాకం వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేయడానికి మా పక్క దొంగలు కూడా జంకుతారు. ఊళ్ళో తగాదా తెగకపోతే "పద కాణిపాకానికి" అంటారు. సగం తగాదాలు దారిలోనే తెగిపోతాయి.

ఇలా రోజూ సాయంత్రం పొద్దు గూకేలోగా ఆట. కిరసనాయిలు దొరకని రోజులు, దీపం పెట్టుకొని ఆడే వైభోగం మాకు లేదు. మొదట్లో అంతా నవ్వులాటే. అమ్మను ఎప్పుడడిగినా ఉట్టి దగ్గరే ఉండేది. "సల్లకుండ మీద మూత పెట్టినానో లేదో, పిల్లి వచ్చిందేమో" అనేది, ఎత్తు పోగొట్టుకునేది. ఒకసారి మాత్రం "మా అమ్మోళ్ళింట్లో" అనేసి, అత్త ముఖం చూసి తల దించుకుంది.

అవ్వ నవ్వింది. "ఒక వారం పోయిరా పో. అప్పుడన్నా పులుల్ని సరిగా తోల్తావు."

పెళ్ళయి పన్నెండేళ్ళయినా అమ్మ నోరు తెరిచి పుట్టింటికి పోతానని అడిగింది లేదు. ఆ మాట బండ చెప్పించింది.

మరి నేనో? నా మనసు ఎప్పుడూ ఆట అయిపోయిన తర్వాత ఎక్కడో ఉండేది. ఎవరైనా యాడున్నావంటే "గెలిచినాక అవ్వను ఏమనాలా అని ఆలోచిస్తా ఉండా" అని నిజమే చెప్పేదాన్ని. ఎత్తు పోయేది. ఓడిపోయేదాన్ని. ఓడితే చింతగింజలు వాకిట్లోకి చల్లేసేదాన్ని. "ముక్కు మీద కోపం, మేక మీద పులి" అని అవ్వ ఎగతాళి చేసేది. ఒక్కొక్క గింజనూ నాతోనే ఏరించేది. పదిహేనూ లెక్క తేలేదాకా నాకు సంగటి లేదు.

పేకముక్కలంటే అవ్వకు మొదట పడేది కాదు, పేకాట కొంపలు ముంచుతుందనేది. అవి చిన్న కొడుకు ముక్కలు కాబట్టి వాన పడే రోజుల్లో ఒప్పుకుంది. మేం ఆడింది గాడిద ఆట. చివరికి చేతిలో ముక్కలు మిగిలినవాళ్ళే గాడిద. ఒకరోజు వరసగా మూడుసార్లు నేనే గాడిదనయ్యాను. ఒళ్ళు మండి ముక్కలు విసిరికొడితే ఇస్పేటు ఆసు పోయి బర్రె కుడితితొట్టిలో పడింది. అవ్వ నన్ను తిట్టలేదు. దాన్ని కడిగించి, పొయ్యి పక్కన ఆరబెట్టించి, అది ఆరేదాకా నన్ను దాని ముందే కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఆ ముక్క అప్పడంలా ఉబ్బిపోయింది. ఎవరి చేతిలో ఉన్నా అందరికీ తెలిసిపోయేది. నా ఖర్మ, ఎక్కువగా నా చేతికే వచ్చేది.

నాయన మాత్రం ఎప్పుడడిగినా "ఈడే" అనేవాడు. ఆయన ముఖం చూస్తే అది నిజం కాదని మాకు తెలిసేది. అవ్వకూ తెలుసు, అయినా ఏమీ అనేది కాదు. ఒక సాయంత్రం నాయన పులి ముందు నా మేక ఒంటరిగా చిక్కింది. దూకితే అయిపోయేది. ఆయన చూడనే లేదు. నాకు అలా బతికిపోవడం రుచించలేదు.

"యాడున్నావు నాయనా?" అన్నాను.

ఆయన గులకరాయిని చేతిలోకి తీసుకొని మళ్ళీ అక్కడే పెట్టాడు. అవ్వ బండ మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"తమ్ముడి కాడ" అన్నాడు చివరికి. "పటాలానికి పోతానని వాడు అన్నప్పుడు నేను వద్దనలేదు. పోతే పోనీ, ఇంట్లో ఒక నోరు తగ్గుతాదిలే అనుకున్నా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. అవ్వ ఓదారుస్తుందనుకున్నాను. అవ్వ ఓదార్చలేదు.

"సరే, ఒక ఎత్తు పోయింది. వచ్చినావా?"

"వచ్చినా."

"అయితే ఆడు."

ఆ తర్వాత నాయన రోజుకు రెండు మూడుసార్లు తమ్ముడి దగ్గరికి పోయేవాడు. అడిగితే దాచకుండా చెప్పేవాడు, ఎత్తు పోగొట్టుకొని తిరిగొచ్చేవాడు. పోను పోను త్వరగా రావడం అలవాటైంది. ఆ నెలలో ఆయన గెలిచిన ఆటలు తక్కువే గానీ, రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ మాతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

అవ్వను మాత్రం ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. ఆమె చూపు బండ దాటేది కాదు, చెయ్యి తడబడేది కాదు. ఆమెను అడగాలని మాకెవరికీ తోచలేదంతే.

ఏటిగట్టు తోట కొట్టిన రోజు మేమంతా గానుగ దగ్గరే ఉన్నాం. అమ్మ చెరకు పిప్పి పొయ్యిలోకి తోస్తోంది. నాయన మాకు వీపు పెట్టి పెనం పక్కన నిలబడ్డాడు. ఆసామి ఎదురుగా మంచం వేసుకొని చేతులు కట్టుకొని కూర్చున్నాడు. నేనూ అవ్వా కొంచెం ఎడంగా కానుగ చెట్టు నీడలో ఎండు పిప్పి ఏరుతున్నాం. రసం బుడగలు చిన్నవవుతున్నాయి, రంగు తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే టపా మనిషి ఇంటి దగ్గర ఎవరూ లేరని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి అవ్వ చేతిలో ఒక కవరు పెట్టి పోయాడు. పటాలం ముద్ర ఉన్న కవరు. పద్నాలుగు నెలల తర్వాత వచ్చిన మొదటి కవరు.

అవ్వకు చదువు రాదు. కవరు నా వైపు తిప్పి, మెల్లగా అడిగింది.

"రాత వాడిదేనా?"

నాకు అక్షరాలు నేర్పిందే చిన్నాయన. ఆయన రాత నాకు తెలుసు. అది ఆయన రాత కాదు. నేను తల అడ్డంగా ఊపాను.

వేరేవాళ్ళు రాశారంటే ఆయన రాయలేడని అర్థం. నాయనా అని అరవబోయి నోరు తెరిచాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో ఆ కవరును నడుము దగ్గర చీరలో దోపుకొని, పిప్పి ఏరడం మొదలుపెట్టింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కన్నతల్లేనా ఈమె అనుకున్నాను.

"యాడున్నావు?" అంది నావైపు చూడకుండా.

"నీ నడుము కాడ" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"ఆణ్ణుంచి రా. మీ నాయన్ని సూడు."

చూశాను. నాయన చెంబులో చుక్క వేశాడు, ఉండ చేశాడు, కొట్టాడు. మెత్తగా అంటుకుంది. గరిటె తిప్పాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ కొట్టాడు. ఇంకా కాలేదు. నాకు ఒక్కొక్క చుక్కా ఒక పూటంత అనిపించింది. అవ్వ ముందు పిప్పి కుప్ప ఎప్పుడో అయిపోయింది. ఆమె ఖాళీ నేలను ఏరుతోంది.

టక్కుమంది. "దించండప్పా" అన్నాడు నాయన.

నలుగురు మనుషులు పెనం ఎత్తి చెక్కతొట్టిలోకి వంచారు. బెల్లం తేనెరంగులో జారింది. ఆసామి లేచొచ్చి, అంచున ఆరిన ముక్క విరిచి నోట్లో వేసుకొని, "రేపు పొద్దున్నే వచ్చేయబ్బా, ఇంగా అయిదు పెనాలుండాయి" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరే కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

నాయన చెరకాకు మీద వేడి బెల్లం పెట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. ఆ మధ్య ఆయన ముఖం అంతగా వెలగడం నేను చూడలేదు. అవ్వ చెయ్యి చాచకపోయేసరికి ఎగతాళిగా అడిగాడు.

"ఏమ్మా, యాడున్నావు?"

అవ్వను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"సిన్నోడి కాడ" అంది అవ్వ. "వాడు పోయినప్పట్నుంచీ ఆడే ఉండా."

కవరు తీసి నాకిచ్చింది. తొందరలో సగం ఉత్తరం చింపేశాను. చిన్నాయన బతికే ఉన్నాడు. కుడిచేతికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు, పక్క మంచం మనిషి చేత రాయించాడు. ఎండలు ముదిరేలోగా ఇంటికి పంపిస్తారట. పులుల్ని తాను వచ్చేదాకా కట్టిపెట్టమని అవ్వకు చెప్పమన్నాడు. నాయన అక్కడే పిప్పిలో కూర్చుండిపోయాడు. అప్పుడు అవ్వ చెయ్యి చాచి బెల్లం తీసుకుంది.

ఆ సాయంత్రం కూడా ఆడాం. నాయనా నేనూ పులులు, అమ్మా అవ్వా మేకలు. రెండు పులుల్ని అప్పటికే కట్టేశారు. మూడోదానికి ఒక్క దారే మిగిలింది. అవ్వ అక్కడ గింజ పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొద్దున గానుగ కాడ నాకొక ఎత్తు పోయింది కదా. నువ్వాడు" అంది నాతో.

"అది ఆట కాదు కదత్తా" అంది అమ్మ.

"అడిగినాడు, సెప్పినాను. ఎత్తు పోయినట్టే."

నా పులి ఆ సందులోంచి బయటపడింది. ఆ తర్వాత దూకుతూనే పోయింది. మా అవ్వను నేను గెలిచింది ఆ ఒక్కసారే. గెలిచాక ఆమెను ఏమనాలో నెల రోజులుగా రోజూ అనుకున్నదాన్ని, ఆ రోజు నాకు ఒక్క మాట రాలేదు. అవ్వ గింజలు ఏరుకుంటూ మధ్యలో ఆగి, చిన్నాయన చెక్కిన గీతల మీద వేలు ఆనించి అలాగే ఉండిపోయింది. మేం ముగ్గురం ఆమెనే చూస్తూ కూర్చున్నాం. యాడున్నావని ఎవరమూ అడగలేదు.