వాకిట్లో గీసిన పడవ

మా ఆయనతో ఒక్క మాట పూర్తిగా మాట్లాడాలంటే ఆయన లేచి పోలేని చోటు కావాలి. అట్లాంటి చోటు మా మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎక్కడా లేదని పదిహేనేళ్ల కాపురంలో నాకు బాగా తెలిసొచ్చింది. ఇంట్లో అంటారా, పొద్దున లేస్తే అరుగు నిండా మనుషులు. ఆయన భూముల బేరాల్లో దిగినప్పటి నుంచి మాది ఇల్లు కాదు, బస్టాండు. ఒకరు చాయ్ తాగి పోతుంటే ఇంకొకరు చెప్పులు విడుస్తుంటారు. పైగా మా ఊళ్లకు సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. అది మోగిందంటే చాలు, తినే కంచం ముందే వదిలేసి సిగ్నల్ కోసం దాబా మీదికి పరుగు. ఆయన కిందికి దిగి వచ్చేసరికి నేను మొదలుపెట్టిన మాట నాకే గుర్తుండేది కాదు.

నిజానికి చెప్పాల్సిన మాట చాలా చిన్నది. తోట అమ్మొద్దు.

మాది అంగూరు తోట, అదే ద్రాక్ష. పెళ్లైన కొత్తల్లో, తొంభైల మొదట్లో వేసింది. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి పందిరి కట్టిన రోజు కూలీలతో పాటు నేనూ తీగ పట్టుకుని లాగాను. మైలతుత్తం, సున్నం కలిపి మందు కొట్టిన వారమంతా నా వేళ్లు నీలంగా ఉండేవి. ఆ చేతులతో అన్నం పెడితే మా ఆడబిడ్డ ముక్కు విరిచేది. విరుచుకోనీ అనుకునేదాన్ని. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి నాకు ఉన్నది ఆ పందిరి కింద నీడే. పట్టా మామ పేరు మీద, పెత్తనం మా ఆయనది. చాకిరీ మాత్రం నాది.

కొంపల్లి దాకా వచ్చిన విల్లాలు మా దిక్కు చూడడం మొదలుపెట్టాక చుట్టూ ఉన్న తోటలు ఒక్కొక్కటే పోయాయి. తీగలు నరికేసేవాళ్లు. రాతి కడీలను పీకి, వాటినే ప్లాట్లకు హద్దురాళ్లుగా పాతేవాళ్లు. మా ఆయన ఆ ప్లాట్లనే చూపించడానికి మనుషులను జీపుల్లో ఎక్కించుకుని తిరిగేవాడు. మన తోట సంగతేంటని ఎత్తితే, "జెర ఆగుతవా, ఫోన్ వస్తాంది" అనేవాడు. నాకు ఒళ్లు మండి లేచి తోటలోకి పోయేదాన్ని. నాకూ ఆ జబ్బు ఉంది, కాదనను. కోపం వస్తే కూర్చున్నచోట ఒక్క క్షణం ఉండలేను. కాలు గాలిన పిల్లి అని మా అత్తమ్మ ఊరికే అనేది కాదు.

పడవ మాట తెచ్చింది మా పక్క చేను కోళ్ల ఫారం ఆయన. ఆయనది కాకినాడ దిక్కు. ఒకరోజు గుడ్లు ఇవ్వడానికి వచ్చి, తన బావమరిదికి చిన్న ఇంజను పడవ ఉందని, అడిగితే రోజు కిరాయికి ఇస్తాడని, పొద్దున ఎక్కితే తీరం వెంబడే మడ అడవులు చూసుకుంటూ దీపస్తంభం దాకా పోయి సాయంత్రానికి రావచ్చని మాటవరసకు చెప్పాడు. మధ్యలో ఎక్కడా దిగేది ఉండదట. సెల్‌ఫోన్ కూడా పని చెయ్యదట.

ఆ రెండు ముక్కలు విన్నాక నాకు ఇక నిలకడ లేదు. సముద్రం మీద మోజుతో కాదు, నిజం చెప్పాలంటే అన్ని నీళ్లు తలుచుకుంటేనే నాకు గుబులు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన నా ఎదురుగా కూర్చుని ఉండాలి, లేవడానికి వీల్లేదు! అంతకంటే ఏం కావాలి? పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు. పంట కోత అయిపోయింది. ఎండాకాలపు కత్తిరింపుకు ఇంకా కొంచెం వ్యవధి ఉంది.

నన్ను నివ్వెరపరిచింది మా ఆయన. యాదగిరిగుట్టకు పోదామంటే ఏడాది వాయిదా వేసే మనిషి, పడవ అనగానే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, కోళ్ల ఫారానికి తానే పోయి వివరాలు అడిగి వచ్చాడు. మధ్యలో ఒడ్డుకు ఆపరు కదా అని గుచ్చి గుచ్చి అడిగాడట. పాపం ఈ మనిషికి కూడా ఫోన్ల మీద విసుగు పుట్టిందనుకున్నాను. ఎన్నాళ్లకో ఆయన మీద జాలి కలిగింది.

పడవ ఎంత ఉంటుందో నాకు అంతు చిక్కలేదు. కోళ్ల ఫారం ఆయన పొడవూ వెడల్పూ మూరల్లో చెప్పిపోయాడు. మరునాడు పొద్దున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసే బదులు ఆ కొలతకు పడవ గీశాను. ముందు మొన, వెనక ఇంజను. ఇక్కడ ఆయన, ఎదురుగా నేను, మధ్యలో సద్ది బుట్ట. బుట్ట ఎటు పెడితే ఆయనకు లేచే దారి ఉండదో కూడా చూసుకున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్లే.

చూసింది అత్తమ్మ. ఏం గీశావని అడిగితే అబద్ధం నోటికి రాలేదు. ఆమె కాసేపు నిలబడి చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ముగ్గు గీత తొక్కకుండా జాగ్రత్తగా దాటి లోపలికి వచ్చి సరిగ్గా నా చోట్లో కూర్చుంది.

"నేను గూడ వస్త బిడ్డా. సముద్రం ఎన్నడు జూడలే."

మా దిక్కున ఆ మాటకు వద్దు అనే జవాబు లేదు. ఊరికి పోతున్నామని పెద్దవాళ్లకు చెప్పకుండా పోవడం తప్పు. చెప్పాక వాళ్లు వస్తామంటే వద్దనడం అంతకన్నా తప్పు. అత్తమ్మ వస్తే మామ రావాలి. మామ పోతున్నాడని తెలిస్తే మచ్చ బొల్లారంలో ఉన్న ఆడబిడ్డ ఊరుకోదు. ఆమె వస్తే ఆమె మొగుడు, ఇద్దరు పిల్లలు. రెండు రోజులు తిరగకముందే నా పడవ నిండిపోయింది. ముగ్గు అప్పటికే చెరిగిపోయింది కానీ మళ్లీ గీయడానికి చేతులు రాలేదు. నవ్వుతూ అందరికీ చాయ్ పోశాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాను.

పోనీ ఆయనైనా వద్దంటాడేమో అని ఆశపడ్డాను. ఆయన ముఖం కూడా మాడిపోయింది, నేను చూశాను. కానీ తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. రానీ తియ్, పడవలో ముందో వెనకో కూర్చుంటారు, మనం వేరేగా కూర్చుందామని నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. వేరేగా అనే ఆ మాటకు నేను కరిగిపోయాను.

ఇక ఏర్పాట్లు. మా మామకు రాహుకాలం ముఖ్యం. పడవవాళ్లకు పోటు ముఖ్యం. నీళ్లు ఉన్నప్పుడే బయలుదేరాలి, లేకపోతే సాయంత్రం తిరిగి వచ్చేసరికి కాలవ సముద్రంలో కలిసే మొగలో నీళ్లు తీసిపోయి పడవ బురదలో కూర్చుంటుందని కోళ్ల ఫారం ఆయన చెప్పాడు. మా మామ నమ్మలేదు. శామీర్‌పేట చెరువు పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆయన. నీళ్లు వానాకాలం వస్తాయి, ఎండాకాలం పోతాయి. పొద్దున ఉన్న నీళ్లు సాయంత్రానికి ఎట్లా పోతాయి, తూము ఎవరు తీస్తారు? "రాహుకాలం మనకండీ, నీళ్లకి ఉండదు కదండీ" అన్నాడు పాపం ఫారం ఆయన. ఆఖరికి మామే ఉపాయం కనిపెట్టాడు. రాహుకాలం రాకముందే తన కండువా తీసుకుపోయి పడవలో పెట్టిస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఊర్లో అయితే ఎదురింట్లో సంచీ పెడతాం, అట్లాగే.

అత్తమ్మ సకినాలు చేసింది. ఆడబిడ్డ వాంతులకు నిమ్మకాయలు, పిల్లలకు స్వెటర్లు కూడా సర్దింది. ఏప్రిల్‌లో స్వెటర్లు! నీళ్ల మీద చలి ఉంటుందట. నేను మాత్రం వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి తోటలోకి తిరుగుతూనే ఉన్నాను. కత్తిరింపు అదను దగ్గరపడింది. ఎండాకాలంలో కత్తిరిస్తేనే కొత్త కర్ర ముదురుతుంది, ఆ కర్రకే వచ్చే ఏడు గెలలు. ఈ కత్తిరింపు తప్పిందంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఏటా ఈపాటికి ఆయన కత్తిరింపువాళ్లకు కబురు పెట్టేవాడు. ఈసారి పెట్టలేదు. నేను అడిగిన ప్రతిసారీ "పొయ్యొచ్చినంక జూద్దాం" అన్నాడు. ప్రయాణం హడావిడిలో ఉన్నాడు కదా అని సర్దుకున్నాను. అంత తెలివి నాది.

సికింద్రాబాద్‌లో రైలెక్కి కాకినాడలో దిగాం. కాలవ ఒడ్డున చేపల వాసన, వలలు, వరసగా పడవలు. మాది అనుకున్నది చూసి మనుషులను మళ్లీ లెక్కపెట్టుకున్నాను. వాకిట్లో గీసినదానికన్నా చిన్నది. ఫారం ఆయన చేత ముందే పంపించిన మామ కండువా అప్పటికే అందులో ఒక పలక మీద కూర్చుని ఉంది. పడవ ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూసి, ఇంతమంది వస్తారని తనకు చెప్పలేదని, ఇద్దరు ఆగిపోవాల్సిందేనని మర్యాదగానే చెప్పాడు. గాలి ఉంది, ఎక్కువమందితో తియ్యనన్నాడు.

ఎవరు ఆగాలి? మామ కండువా ముందే ఎక్కింది, మామను దింపేది లేదు. అల్లుడిని ఒడ్డు మీద కూర్చోబెడతామా, ఎంత తప్పు! అల్లుడు ఎక్కితే బిడ్డ, పిల్లలు. పిలిచిన ఇంటివాళ్లు ఆఖరి పంక్తిలో తినాలి, అది మా దగ్గర ఎవరూ చెప్పనక్కరలేని సంగతి. అయినా అత్తమ్మే నోరు తెరిచి చెప్పింది. "మీరిద్దరు ఉండుర్రి. మాట్లాడుకోర్రి." ఆ రెండో మాట ఎందుకందో అప్పుడు నేను పట్టించుకోలేదు. పడవ కదిలిపోయింది. ఇన్ని రోజులు నేను తిప్పలు పడి కుదుర్చుకున్న నా చోట్లో అత్తమ్మ కూర్చుని మాకు చెయ్యి ఊపింది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాసేపటికి నవ్వే వచ్చింది. ఎక్కడో నీళ్ల మధ్యన దొరుకుతుందనుకున్నది ఒడ్డునే దొరికింది కదా. ఇద్దరం ఉన్నాం, అరుగు మీది మనుషులెవరూ లేరు. ఆయన ఫోన్ తీసి చూసుకుని, నేను అడగకుండానే ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. తిరగేసిన పాత పడవ ఒకటి ఉంటే దాని నీడలో కూర్చున్నాం. సకినాల డబ్బా మా దగ్గరే మిగిలిపోయింది. ఆయన ఒకటి విరిచి సగం నాకిచ్చాడు. పెళ్లైన కొత్తలో తోటలో తీగలు లాగిన రోజు ఇట్లాగే ఒక రొట్టె విరిచి ఇచ్చాడు. అది గుర్తొచ్చి గుండె నిండింది. ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను.

"ఇగో, ఒక మాట జెప్త ఇను. లేవకు. తోట అమ్మకు."

ఆయన లేవలేదు. కత్తిరింపువాళ్లను నేనే పిలిపిస్తానని, బోరు ఎండితే ఇంకోటి వేద్దామని, పందిరిలో సగమైనా ఉంచమని, ఇంటికి రాగానే పని మొదలుపెడదామని గబగబా చెప్పుకుపోయాను. నోట్లో సకినం నలగలేదు, అట్లాగే ఉంది. ఆయన అంతా విన్నాడు. ఇన్నేళ్లలో నా మాట చివరిదాకా విన్నది ఆ ఒక్కసారే.

"అమ్మిన," అన్నాడు. "పోయిన నెలల్నే బయానా తీసుకున్న. నాయిన సంతకం గూడ అయింది."

కత్తిరింపువాళ్లకు ఎందుకు కబురు పెట్టలేదో, మధ్యలో ఒడ్డుకు ఆపరు కదా అని ఎందుకు అడిగాడో అన్నీ ఒక్కసారే తలకెక్కాయి. మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పడవల జెప్దామనుకున్న. ఇంట్ల జెప్తె నువ్వు లేశి తోటలకు పోతవు. పడవల అయితే యాడికి పోతవు?"

ఒడ్డు కాబట్టి లేచి పోయాను. ఎటు పోతున్నానో చూసుకోలేదు. పోవడానికి అక్కడ తోట లేదు, చెట్టు లేదు. తడి ఇసుకలో కాలు దిగబడుతుంటే వలలు దాటుకుంటూ పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ పోయాను. కోపంతో తిట్టాను, ఎవరూ లేరు కనుక గట్టిగానే తిట్టాను. ఏడ్చాను కూడా. ఆయన తిరగేసిన పడవ దగ్గర నుంచి కదలలేదు. నా వెంట రావడానికి ధైర్యం లేదో, రాకూడదనుకున్నాడో తెలియదు. పొద్దు వాలేదాకా అట్లాగే గడిచింది.

పడవ అనుకున్న వేళకే వచ్చింది. పిల్లలు తడిసి ముద్దయి అరుస్తున్నారు. ఆడబిడ్డ నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. మామ కండువా దులుపుకుని ముందు దిగాడు, నా ముఖం చూడకుండా ముందుకు నడిచాడు. అందరూ దిగాక అత్తమ్మ మిగిలింది. ముఖం వెలిగిపోతోంది. అంచు మీద నుంచి కాలు దించడానికి భయపడి నా దిక్కు చెయ్యి చాచింది. నేను మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఆమె ఒక కాలు నీళ్లలో పెట్టి, నా భుజం మీదికి వంగి, చెవి దగ్గర అడిగింది.

"జెప్పిండా?"

చేతులు వదిలేద్దామనుకున్నాను. ఆమె రెండో కాలు ఇంకా పడవలోనే ఉంది.